జీతం పెంచమని అడగాలా.. ఇచ్చినంత తీసుకోవాలా? సత్య నాదెళ్ల అంతటివాడే నాలుక కరుచుకున్న ప్రశ్న ఇది!

మార్చి నెలాఖరు వచ్చిందంటే ప్రైవేట్ ఉద్యోగుల్లో ఒకటే టెన్షన్. అప్రైజల్! ఈసారి హైక్ ఎంత? ఐదు శాతమా, పదా, అసలు ఉంటుందా? ఏడాదంతా చేసిన పని గురించి మేనేజర్ ఓ అరగంట మాట్లాడతారు. చాలామంది తలూపి, థ్యాంక్యూ చెప్పి బయటికి వచ్చేస్తారు. అడగాలనుకున్న మాట మాత్రం గొంతులోనే ఉండిపోతుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు మన పెద్దలు. అదే పెద్దలు, నీ పని నువ్వు చేసుకుంటూ పో, వచ్చేది దానంతటదే వస్తుందని కూడా అంటారు. మరి ఈ రెండింట్లో ఏది నమ్మాలి? 2014లో సరిగ్గా ఇదే ప్రశ్న ఓ హైదరాబాదీని ప్రపంచం ముందు ఇరుకున పెట్టింది.

ఆ రోజు స్టేజీ మీద ఏం జరిగింది?

2014 అక్టోబర్ 9. అమెరికాలోని ఫీనిక్స్ నగరం. కంప్యూటర్ రంగంలో పనిచేసే మహిళల కోసం ఏటా జరిగే గ్రేస్ హాపర్ సదస్సు. స్టేజీ మీద ఉన్నది హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల. మైక్రోసాఫ్ట్ సీఈవో కుర్చీలో కూర్చుని అప్పటికి ఎనిమిది నెలలే అయింది. ప్రశ్నలు అడుగుతున్నది మరియా క్లావే. హార్వే మడ్ కాలేజీ ప్రెసిడెంట్, పైగా మైక్రోసాఫ్ట్ బోర్డులో సభ్యురాలు.

జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే మహిళలకు ఏం సలహా ఇస్తారని ఆమె అడిగారు. అడగడం కాదు ముఖ్యం, వ్యవస్థే సరైన టైమ్‌కి సరైన పెంపు ఇస్తుందన్న నమ్మకం ఉండాలన్నది నాదెళ్ల జవాబు. అడగకుండా ఉండటం ఒక రకంగా మంచి కర్మ అని, అది తిరిగి వస్తుందని కూడా అన్నారు.

క్లావే అక్కడికక్కడే ఒప్పుకోలేదు. హాల్లో చప్పట్లు మోగాయి. ఆమె తన సొంత సంగతే చెప్పారు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ డీన్‌గా చేరేటప్పుడు జీతం గురించి బేరం ఆడలేదట. దాంతో రావాల్సిన దానికన్నా దాదాపు 50 వేల డాలర్లు తక్కువకు చేరారట. అంత పెద్ద పదవికి వెళ్తున్న ప్రొఫెసర్‌కే నోరు రాలేదంటే, మామూలు ఉద్యోగి సంగతి చెప్పక్కర్లేదు. ముందే జీతాల లెక్కలు తెలుసుకోండి, నమ్మకమైన మనిషి ముందు ఒకసారి అడిగి ప్రాక్టీస్ చేయండి అని ఆమె సలహా ఇచ్చారు.

సోషల్ మీడియా భగ్గుమంది. అదే రోజు నాదెళ్ల ఉద్యోగులకు మెయిల్ పెట్టారు. ఆ ప్రశ్నకు తానిచ్చిన జవాబు పూర్తిగా తప్పని, పెంపుకు అర్హత ఉందనుకుంటే నేరుగా అడగాలని రాశారు. వ్యవస్థ దానంతటదే చూసుకుంటుందన్న మాటను ఆ వ్యవస్థ పైమెట్టు మీద ఉన్న మనిషే ఒక్కరోజులో వెనక్కి తీసుకున్నారన్నమాట.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఉద్యోగులకు ర్యాంకులిచ్చి, ఇంతమంది పైన, ఇంతమంది కింద ఉండాల్సిందే అనే పద్ధతి మైక్రోసాఫ్ట్‌లోనే ఏళ్ల తరబడి నడిచింది. 2013 నవంబర్‌లో, అంటే నాదెళ్ల సీఈవో అవడానికి మూడు నెలల ముందే దాన్ని ఎత్తేశారు. ఆ పద్ధతి ఏదో ఒక రూపంలో ఇప్పటికీ చాలా కంపెనీల్లో బతికే ఉంది. దాని సంగతి కిందకు వెళ్తే తెలుస్తుంది.

అశోక్‌నగర్‌లో నేర్పని సబ్జెక్ట్

ఇక మన ఊరికి వద్దాం. నల్లకుంట, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్. ఈ గల్లీల్లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్లు.. ఇక్కడ లోకమంతా నోటిఫికేషన్, హాల్ టికెట్, మెరిట్ లిస్ట్ చుట్టూనే తిరుగుతుంది. మార్కులొస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. ఎవరినీ అడిగే పని లేదు. సర్కారు కొలువు వచ్చాక కూడా అంతే. స్కేలు ఉంటుంది, ఏడాదికో ఇంక్రిమెంట్ ఉంటుంది, డీఏ ఉంటుంది. ఆఫీసర్ గదిలోకెళ్లి నా జీతం పెంచండి సార్ అని ఎవరూ అనరు.

కానీ మూడు నాలుగేళ్లు చదివినా అందరికీ కొలువు రాదు కదా! చివరికి చాలామంది ప్రైవేట్‌లోకే వెళ్తారు. కొందరు పొద్దున్నే చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి హైటెక్ సిటీ వైపు పోతారు. ఇంకొందరు ఇక్కడే ప్రైవేట్ స్కూళ్లలో, కాలేజీల్లో, డయాగ్నస్టిక్ సెంటర్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో చేరతారు. పాలిటీ నుంచి ఎకానమీ దాకా అన్నీ చదివిన వాళ్లే. తన జీతం గురించి తాను మాట్లాడటం మాత్రం ఏ కోచింగ్‌లోనూ చెప్పలేదు. అడిగితే దేహీ అన్నట్టుంటుందని ఫీలింగ్.

నిజానికి సర్కారు జీతం కూడా అడక్కుండా పెరగలేదు. తెలంగాణ తొలి పీఆర్సీనే చూడండి. బిస్వాల్ కమిషన్ సిఫార్సు చేసిన ఫిట్‌మెంట్ 7.5 శాతం. ఉద్యోగ సంఘాలు ఒప్పుకోలేదు. చర్చలు, ఒత్తిళ్లు నడిచాయి. 2021 మార్చి 22న అప్పటి సీఎం కేసీఆర్ అసెంబ్లీలో ప్రకటించింది 30 శాతం! రిపోర్టులో అచ్చయిన అంకె కూడా ఆఖరి అంకె కాదని అప్పుడే తేలింది.

అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా వెళ్లే స్టీల్ బ్రిడ్జి ఉంది కదా, 2023 ఆగస్టు 19న మొదలైంది. దానికి పెట్టిన పేరు నాయిని నర్సింహారెడ్డిది. తెలంగాణ తొలి హోంమంత్రి, కార్మిక శాఖ కూడా ఆయనదే. కార్మిక నేతగా ఎదిగిన మనిషి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర లేబర్ కమిషనర్ ఆఫీసు ఉన్న బిల్డింగ్ పేరు టి.అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి దాకా వెళ్లిన అంజయ్య ఆయన. జీతం కోసం గొంతెత్తిన వాళ్ల పేర్లే ఇక్కడి బోర్డుల మీద ఉన్నాయి. మొన్న 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు షూటింగులు ఆపి 30 శాతం అడిగారు. లేబర్ కమిషనర్ సమక్షంలో మూడేళ్లలో 22.5 శాతం దగ్గర సెటిలైంది.

తేడా ఒక్కటే. వాళ్లంతా కలిసి అడిగారు. అప్రైజల్ గదిలోకి ఉద్యోగి ఒక్కడే వెళ్తాడు.

రివ్యూ రోజు అడిగితే లేటే!

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. హైక్ అనేది రివ్యూ మీటింగ్‌లో డిసైడ్ అవుతుందనుకుంటారు. అది పొరపాటు. ఆ మీటింగ్‌లో చెప్పేది అప్పటికే డిసైడైన సంగతి.

ఏప్రిల్‌లో హైకులిచ్చే కంపెనీల్లో సాధారణంగా జరిగేది ఇదీ. డిసెంబర్, జనవరిలోనే వచ్చే ఏడాది జీతాల బడ్జెట్ మీద కసరత్తు మొదలవుతుంది. ఒక్కో టీమ్‌కు ఇంత అని మొత్తం వస్తుంది. మేనేజర్ ఆ మొత్తాన్ని పంచాలి. ఒకరికి ఎక్కువిస్తే ఇంకొకరికి కోత. ఆ తర్వాత రేటింగులన్నీ ఒకచోట పెట్టి సరిచేస్తారు. దీన్నే నార్మలైజేషన్ అంటారు, బెల్ కర్వ్ అని కూడా పిలుస్తారు. మైక్రోసాఫ్ట్ ఎత్తేసిందని పైన చెప్పుకున్న పద్ధతికి ఇది చుట్టమే. టీమ్‌లో అందరూ బాగా పనిచేసినా అందరికీ టాప్ రేటింగ్ దొరకదు. ఆ మీటింగ్‌లో ఉద్యోగి ఉండడు. అతని తరఫున మాట్లాడాల్సింది మేనేజరే. మరి మేనేజర్ చేతిలో ఏ పాయింట్లూ లేకపోతే? ఏం మాట్లాడతారు పాపం!

అందుకే అడగాల్సింది లెటర్ వచ్చే నెలలో కాదు, దానికి రెండు మూడు నెలల ముందు. ఏప్రిల్ సైకిల్ అయితే డిసెంబర్, జనవరి. అప్పుడు ఒక మాట చెవిన వేసి, చేసిన పనుల్ని ఒక పేజీలో రాసి మెయిల్ పెట్టాలి. ఆ పేజీయే నార్మలైజేషన్ మీటింగ్‌లో మేనేజర్‌కు ఆయుధం.

హెచ్‌ఆర్ లేని చిన్న సంస్థల్లో లెక్క వేరు. ప్రైవేట్ స్కూల్ టీచర్ వేసవి సెలవులు ఇచ్చేశాక కరస్పాండెంట్‌ను అడిగితే ఫలితం తక్కువ. ఎందుకంటే వచ్చే ఏడాది ఫీజులు, సెక్షన్లు, ఎవరికి ఏ క్లాసు అన్నది పరీక్షల ముందే దాదాపు ఖాయమవుతాయి. అడగాల్సింది ఆ టైమ్‌లో. ఆడిటర్ ఆఫీసులో అయితే రిటర్నుల సీజన్ మొదలవక ముందు. కోచింగ్ సెంటర్ ఫ్యాకల్టీకైతే క్యాలెండర్‌తో పనే లేదు. నోటిఫికేషన్ పడి బ్యాచ్‌లు నిండుతున్న వారమే ఆయన అప్రైజల్! నోటిఫికేషన్ లేని నెలల్లో అడిగితే వినేవాళ్లుండరు.

ఏమని అడగాలి?

ఇంటి అద్దె పెరిగింది సార్, పిల్లల ఫీజులు కట్టాలి సార్.. ఈ మాటలతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. నిజమే కావచ్చు, కష్టం నిజంగానే ఉండొచ్చు. కానీ అద్దె అందరికీ పెరిగింది. ఆ మాట విన్న మేనేజర్ జాలిపడతారు తప్ప బడ్జెట్ మీటింగ్‌లో దాన్ని వాడలేరు. పక్క సీటాయనకు ఎంత ఇస్తున్నారో తెలుసు అనడం ఇంకా ప్రమాదం. చర్చంతా ఆ సంగతి నీకెలా తెలిసింది అనే వైపు తిరిగిపోతుంది.

పనికొచ్చే మాట ఇలా ఉంటుంది: "సర్, పోయిన ఏడాది ఇద్దరు చేసిన రిపోర్టింగ్ పని జూన్ నుంచి నేనొక్కడినే చూస్తున్నా. కొత్తగా వచ్చిన ముగ్గురికి ట్రైనింగ్ కూడా నేనే ఇచ్చా. ఇదే పనికి బయట ఇస్తున్న జీతం చూశాను. నా ప్యాకేజీ 15 శాతం పెంచాలని కోరుతున్నా. మీరేమంటారు?" అంతే. ఆ తర్వాత ఆగాలి. ఆ నిశ్శబ్దం భరించలేక, పోనీ పది అయినా పర్లేదు సర్ అని తనకు తానే తగ్గించుకునేవాళ్లు కోకొల్లలు. అవతలివాళ్లు ఇంకా నోరే తెరవలేదు, ఈయన ఐదు శాతం వదిలేసుకున్నాడు!

అంకె చెప్పడం తప్పనిసరి. కొంచెం చూసి పెంచండి సర్ అంటే, ఆ కొంచెం ఎంతో అవతలివాళ్లే డిసైడ్ చేస్తారు. ఆ అంకె ఎక్కడి నుంచి తేవాలి? జాబ్ సైట్లలో అదే అనుభవానికి కనిపించే జీతాలు, ఈ మధ్యే కంపెనీ మారిన స్నేహితులు, రిక్రూటర్ల నుంచి వచ్చే కాల్స్. మూడు చోట్లా కనుక్కుంటే ఒక అంచనా వస్తుంది.

చేతిలో వేరే ఆఫర్ ఉందని చెప్పొచ్చా? నిజంగా ఉండి, నిజంగా వెళ్లడానికి సిద్ధమైతేనే. లేని ఆఫర్ ఉందంటే, అయితే ఆల్ ది బెస్ట్ అనే జవాబు వచ్చే అవకాశమూ ఉంది. అప్పుడు మింగలేక కక్కలేక అన్నట్టవుతుంది పరిస్థితి.

మరి ఆడవాళ్లు అడగరా? అడిగినా ఇవ్వరా?

నాదెళ్లను క్లావే అడిగిన ప్రశ్న వెనక ఓ పెద్ద చర్చ ఉంది. లిండా బాబ్‌కాక్ అనే ఆర్థికవేత్త కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చదివి ఉద్యోగాల్లో చేరిన విద్యార్థుల్ని పరిశీలించారు. తొలి జీతం మీద బేరమాడిన మగవాళ్లు 57 శాతం, ఆడవాళ్లు 7 శాతమే! 2003లో వచ్చిన ఆమె పుస్తకంతో ఆడవాళ్లు అడగరు అన్న మాట ప్రపంచమంతా పాకింది.

అయితే 2018లో ఆస్ట్రేలియా ఉద్యోగుల మీద ఆర్ట్జ్, గుడాల్, ఆస్వాల్డ్ అనే ముగ్గురు చేసిన అధ్యయనం వేరే సంగతి బయటపెట్టింది. అక్కడ మహిళలు మగవాళ్లంతే అడుగుతున్నారు. కానీ అడిగిన మగవాళ్లలో 20 శాతం మందికి పెంపు దక్కితే, అడిగిన మహిళల్లో 15 శాతం మందికే దక్కింది. అంటే లోపమంతా అడిగే నోటిదే కాదు, వినే చెవిది కూడా. మీ ఆయన సంపాదిస్తున్నారుగా మేడం అనే మాట మన ఆఫీసుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఒకే పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే జీతం ఇవ్వాలని 1976 నుంచే చట్టం ఉంది, ఇప్పుడది వేతనాల కోడ్‌లో భాగం. ఆ మాట ఎదురైతే ఇంటి సంగతులు చెప్పుకోవాల్సిన పనే లేదు. పని గురించే మాట్లాడాలి.

లెటర్‌లో 5 వేలు.. చేతికి 3,780!

సరే, అడిగారు. 10 శాతం ఇచ్చారు. లెటర్ వచ్చింది. ఇప్పుడు అసలు కథ.

ఉదాహరణకు ఒకరి సీటీసీ ఏడాదికి 6 లక్షలు అనుకుందాం. 10 శాతం అంటే ఏడాదికి 60 వేలు, నెలకు 5 వేలు. అందులో వేరియబుల్ పే పదో వంతు ఉంటే, 500 అటు పోయాయి. అవి టార్గెట్ కొడితేనే వస్తాయి. బేసిక్ సగం కాబట్టి 2,500 పెరిగింది. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీ అయితే దాని మీద 12 శాతం, అంటే ఉద్యోగి వాటా 300, కంపెనీ వాటా 300. ఈ రెండోది కూడా సీటీసీలోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ పేరుతో ఇంకో 120. అన్నీ తీసేస్తే చేతికి పెరిగేది నెలకు 3,780. పీఎఫ్‌లో పడే 600 ఎక్కడికీ పోవు, ఉద్యోగి ఖాతాలోనే ఉంటాయి. కానీ ఐదు వేలు పెరిగాయని కొత్త ఈఎంఐ పెట్టుకున్నవాళ్లు మాత్రం ఇరుక్కుంటారు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని కూడా వేతనం కిందే లెక్కిస్తారు. కాబట్టి బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు గుప్పించిన కంపెనీలు జీతం లెక్కలు మార్చుకోవాల్సి వస్తోంది. ఆ మార్పుల్ని హైక్ లెటర్‌తో కలిపి ఇస్తే, పెరిగిందెంతో, సర్దుబాటు ఎంతో అర్థం కాదు. పీఎఫ్‌ను 15 వేల పరిమితి మీదే, అంటే నెలకు 1,800 మాత్రమే కట్టేవాళ్లకు ఈ మార్పుతో పీఎఫ్ కోత పెరగదు. పూర్తి బేసిక్ మీద కట్టేవాళ్లు మాత్రం పాత స్లిప్, కొత్త స్లిప్ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

అందుకే బేరం శాతాల్లో మొదలైనా, చివరి ప్రశ్న ఇలా ఉండాలి: సర్, నెలకు చేతికి ఎంత పెరుగుతుంది, బేసిక్ ఎంత పెరుగుతుంది?

వెయ్యి పెరిగితే ఈఎస్‌ఐ కట్!

నల్లకుంట, నారాయణగూడ చుట్టుపక్కల చిన్న స్కూళ్లలో, క్లినిక్కుల్లో, షాపుల్లో పనిచేసేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఒకటుంది. 21,000. ఈఎస్‌ఐ వర్తించాలంటే నెల వేతనం అంతకు మించకూడదు. 2017 జనవరి నుంచి ఇదే గీత.

ఒక టీచరమ్మ జీతం 20,500 అనుకుందాం. ఈఎస్‌ఐ కింద ఆమె కట్టేది 0.75 శాతం, అంటే 154 రూపాయలు. స్కూలు కట్టేది 3.25 శాతం, అంటే 667. వెయ్యి పెంచి 21,500 చేశారు. ఇక ఈఎస్‌ఐ కోత లేదు కాబట్టి చేతికి 1,154 ఎక్కువొస్తుంది. సంబరమే! కానీ కుటుంబం మొత్తానికి ఉన్న వైద్యం పోయింది. జబ్బు చేసి సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం ఇచ్చే సదుపాయం పోయింది. 26 వారాల ప్రసూతి సెలవుకు ఈఎస్‌ఐ ఇచ్చే డబ్బు పోయింది. తల్లిదండ్రులకు షుగర్, బీపీ ఉన్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి క్యూలో నిలబడటం కష్టమే, కానీ ప్రైవేట్ ఆస్పత్రి బిల్లు ముందు ఆ కష్టం ఏపాటిది?

యాజమాన్యం వైపు నుంచి చూస్తే ఇంకా తమాషా. వెయ్యి పెంచింది, కానీ తను కట్టాల్సిన 667 మిగిలింది. పీఎఫ్ సంగతి పక్కన పెడితే స్కూలుకు అసలు ఖర్చు 333 మాత్రమే!

ఈ లెక్క తెలిస్తే బేరం మారిపోతుంది. ఆ మిగిలిన 667 కూడా నా జీతంలోనే కలపండి సార్ అనొచ్చు. లేదా కుటుంబానికి గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ అడగొచ్చు. రెండూ కుదరవంటే, 21 వేలు దాటకుండా పెంచి మిగతాది వేరే రూపంలో, అంటే తక్కువ పీరియడ్లు, పిల్లల ఫీజులో రాయితీ లాంటివి అడగడం మేలు.

తేదీ కూడా ముఖ్యమే. ఈఎస్‌ఐకి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక పీరియడ్, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకోటి. పీరియడ్ మధ్యలో జీతం గీత దాటితే, ఆ పీరియడ్ అయిపోయేదాకా చందా కట్ అవుతూనే ఉంటుంది, సభ్యత్వమూ ఉంటుంది. అంటే హైక్ ఏప్రిల్ 1 నుంచి అమలైతే అప్పుడే బయటికి. అదే మే నుంచి అమలైతే సెప్టెంబర్ 30 దాకా లోపలే. ఇంట్లో ఆపరేషనో, కాన్పో ఉన్నప్పుడు ఈ ఒక్క నెల తేడా చాలా పెద్దది. కొత్త కోడ్‌లో వేతనం అర్థం మారింది కాబట్టి, 21 వేలను జీతంలో ఏ భాగం మీద లెక్కిస్తున్నారో కూడా అకౌంట్స్ వాళ్లను అడిగి రాయించుకోవాలి.

12 లక్షల 75 వేల దగ్గర ఇంకో గుంట

ఐటీ ఉద్యోగులకు ఇలాంటిదే ఇంకోటి ఉంది. 2025 బడ్జెట్ తర్వాత కొత్త పన్ను విధానంలో, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలుపుకుని, ఏడాదికి 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదు. అక్కడి నుంచి 25 వేలు పెంచి 13 లక్షలు చేశారనుకోండి. పన్ను 25 వేలు, దాని మీద 4 శాతం సెస్ వెయ్యి. మొత్తం 26 వేలు. పెంపు 25 వేలు, పన్ను 26 వేలు! హైక్ వచ్చి జేబులోంచి వెయ్యి పోయినట్టు. సుమారు 13.45 లక్షలు దాటేదాకా ఇదే కథ.

దీనికో దారుంది. ఆ పెంపును కంపెనీ తరఫున ఎన్‌పీఎస్ ఖాతాలో వేయమని అడగొచ్చు. కొత్త విధానంలో కూడా బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా కంపెనీ వేసే ఎన్‌పీఎస్‌కు మినహాయింపు ఉంది. డబ్బు రిటైర్మెంట్ దాకా లాక్ అవుతుంది, అది నచ్చకపోతే వేరే సంగతి.

కుదరదంటే?

బడ్జెట్ లేదు. ఎక్కువ మంది వినే జవాబు ఇదే. అబద్ధం కాకపోవచ్చు కూడా. అక్కడితో లేచి రాకుండా రెండు ప్రశ్నలు అడగాలి. ఆ జీతం రావాలంటే నేనేం చేసి చూపించాలి? మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందాం? జవాబులు విని, అదే రోజు సాయంత్రం ఒక మెయిల్: "సర్, ఇవాళ మనం అనుకున్నట్టుగా ఈ రెండు పనులు సెప్టెంబర్‌లోగా పూర్తి చేస్తాను, అక్టోబర్‌లో జీతం మళ్లీ పరిశీలిస్తామన్నారు, ధన్యవాదాలు." మేనేజర్ మారిపోయినా మెయిల్ ఉంటుంది. సినిమా కార్మికులు అడిగింది కూడా ఒకేసారి రాలేదు, మూడేళ్లలో విడతలుగా వస్తోంది. విడతలకు ఒప్పుకోవడం ఓటమి కాదు, రాతలో ఉంటే చాలు.

అడగడం దండగ అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. నెలకు 30 వేల జీతం, ఏటా 8 శాతం పెరిగితే పదేళ్లకు దాదాపు 64,800 అవుతుంది. అదే 11 శాతం పెరిగితే 85,200. ఏడాదికి మూడు శాతం మొహమాటం, పదేళ్ల తర్వాత నెలకు 20 వేలు!

లేబర్ ఆఫీసుకు వెళ్తే పెంచుతారా అని కొందరు అడుగుతుంటారు. పెంచరు. ఏటా జీతం పెంచాల్సిందే అని ప్రైవేట్ సంస్థలకు చెప్పే చట్టం లేదు. కనీస వేతనం కన్నా తక్కువ ఇస్తున్నా, జీతం ఆపినా, ఆడ-మగ తేడా చూపినా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య భవన్ మెట్లెక్కొచ్చు. అలా వెళ్లాలన్నా చేతిలో కాగితం ఉండాలి. అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాల్సిందే అని కొత్త కోడ్ చెబుతోంది. ఏళ్లుగా నోటిమాట మీద పనిచేస్తున్న టీచర్లు, రిసెప్షనిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఈసారి హైక్ కన్నా ముందు అడగాల్సింది ఆ లెటరే. ఇక బయటికే వెళ్లిపోవాలని డిసైడైతే, రిజైన్ చేసి వెళ్లిన రెండు పని దినాల్లో రావాల్సిన వేతనం మొత్తం చెల్లించాలని వేతనాల కోడ్‌లో ఉంది. నెలన్నర తర్వాత ఫుల్ అండ్ ఫైనల్ అనే పాత మాట ఇప్పుడు చెల్లదు.